ఆయుర్దాయము చెప్పని వస్తువులు

మా యింటి నడవలో నొక పంకా తిరుగుచున్నది. మా తండ్రిగారు దానిని 1974లో కొనిరి. ఈ యేబదియేండ్లలో దానికి రెండు మారులు తీగ చుట్టించితిమి. కెపాసిటరు నాలుగైదు మారులు మార్పించితిమి. బేరింగులకు లెక్క లేదు. తిరుగునపుడు కొంచెము మూల్గును. అయినను తిరుగును. దానికి పదియడుగుల దూరమున, పెరటి గుమ్మము ప్రక్కన, బట్టలుతుకు యంత్రమొకటి గలదు. కొన్న యాఱవయేట నొకనాటి యుదయమున అది గరగర మన నారంభించి, మధ్యాహ్నమునకు ఇల్లంతయు నదరునట్లు మ్రోగి నిలిచిపోయినది. బాగుచేయువాడు వచ్చి, వెనుక రేకు విప్పి, డ్రమ్మును చేతితో త్రిప్పి చూచి, "బేరింగు పోయిందండీ" అనెను. వెల యెంత యని యడిగితిని. కొన్ని వందల రూపాయలే. అట్లైన మార్చుమంటిని.

"మార్చడానికి వీల్లేదండీ. టబ్బు అతికేశారు. టబ్బు మొత్తం కొనాలి. ఆ డబ్బుకి ఇంకొంచెం వేసుకుంటే కొత్త మిషనే వస్తుంది" అని యతడు చేతులు తుడుచుకొనెను.

ఆ "అతికేశారు" అను మాటయే యీ వ్యాసమునకు కారణము. పూర్వపు యంత్రములలో, డ్రమ్మును చుట్టియుండు తొట్టి రెండు దొప్పలుగా నుండి మరలతో బిగింపబడి యుండెడిది. మరలు విప్పిన దొప్పలు విడిపోవును; బేరింగు చేతికి వచ్చును. ఇప్పటి పెక్కు నమూనాలలో ఆ ప్లాస్టిక్కు దొప్పలను వేడిచేసి యొకటిగా నతికివేయుచున్నారు. అతికినచో నీరు కారదు, కూర్చు కూలి తగ్గును, వెల తగ్గును అని తయారుచేయువారందురు. అందులో నబద్ధము లేదు. కాని వందల రూపాయల ముక్క యొకటి చెడినపుడు వేల రూపాయల యంత్రము దానితో సహగమనము చేయునట్లు ఏర్పాటైనది. ఇది పొదుపా, దోషమా? దోషమైనచో నెవరిది? లాభనష్టముల లెక్కగా గాక ధర్మవిచారముగా దీనిని కొంత చర్చింపవలెనని నా కోరిక.

"ఆ కాలపు సరుకే సరుకు" అని పెద్దలనుట కద్దు. ఆ మాటను నేను పూర్తిగ నంగీకరింపజాలను. ఆనాటి పంకాలలో మాది మిగిలినది గావున దానిని చూపుచున్నాను. దాని తోబుట్టువులెన్నియో పాతయినుము దుకాణములకు పోయి కరగిపోయినవి. చచ్చిన వస్తువులు సాక్ష్యము చెప్పుటకు రావు. మఱియు నాడు మా వీధిలో పంకా లున్న యిండ్లు నాలుగే. బట్టలుతుకు యంత్రము పేరు మా తల్లి వినియైన నుండలేదు. ఆమె చేతులే యా యంత్రము. చవుకదనము యంత్రమును కలవారి మేడనుండి సామాన్యుని పెంకుటింటికి దెచ్చినది. ఇది చిన్న యుపకారము కాదు. మన స్త్రీలను రోటి ప్రక్కనుండి లేవదీసినది మిక్సీయే కాని మన యుపన్యాసములు కావు.

అయినను పెద్దల మాటలో కొంత నిజము లేకపోలేదు. జర్మనీ దేశపు పర్యావరణశాఖవారు చేయించి 2016లో ప్రకటించిన పరిశోధనయొకటి గలదు. పాతవాటికి బదులుగా క్రొత్తవి కొనబడిన పెద్ద గృహయంత్రములలో, ఐదేండ్లు నిండకమునుపే లోపము వలన మార్పవలసి వచ్చినవి 2004లో నూటికి 3.5 కాగా, 2012 నాటికి 8.3 అయినవట. అయితే తయారుచేయువారు బుద్ధిపూర్వకముగా ఆయుర్దాయమును తగ్గించుచున్నారనుటకు తమకు రుజువు దొరకలేదని యా పరిశోధకులే వ్రాసిరి. ఈ రెండు మాటలను కలిపి చదువవలెను. వస్తువు త్వరగా చచ్చుచున్నది. చంపినవాడు మాత్రము కనబడుట లేదు.

వస్తువు చెడనే రాదని కోరుట మూఢత్వము. అరుగుట వస్తుధర్మము. రాతిరోలే యరుగును. అది నునుపెక్కినపుడు ఉలియు సుత్తియు చేతబట్టి వీధివీధి తిరుగువాడు వచ్చి, కక్కుకొట్టి, మరల గరుకుచేసి, చేటెడు గింజలు పుచ్చుకొని పోయెడివాడు. ఇత్తడిగిన్నె లోపలి పూత పోయిన, అందులో పులుసు చిలుమెక్కకమునుపే కళాయివాడు వాకిట కొలిమి పెట్టి, నవాసాగరము చల్లి, తగరము పూసి, గిన్నెను వెండివలె మెఱయించి యిచ్చెడివాడు. బిందెకు చిల్లిపడిన మాటు వేయించితిమి. ఆ మాట్లతోడనే అది కూతురి కాపురమునకు పోయెడిది. వీనిలో నేదియు శాశ్వతవస్తువు కాదు. కాని అరుగుదల కంటికి కనబడెడిది. దాని మందు వీధిలోనే నడచుచుండెడిది. ఎన్నినాళ్లకు కళాయి వేయింపవలెనో కంచరివాడు చెప్పనక్కఱలేదు, అది లోకమెఱిగిన సంగతి. నేడు చెడినది అరుగుదల కాదు. ఈ రెండు సౌకర్యములు.

ఇక బుద్ధిపూర్వకముగా ఆయుర్దాయమును తగ్గించుట యనునది కట్టుకథ యని యెవరైన నందురేమో. దానికి చరిత్రలో నొక దృష్టాంతము గలదు. దానిని కొంత విపులముగా చెప్పుట యవసరము.

1924 డిసెంబరులో స్విట్జర్లాండు దేశమున జినీవా నగరమందు విద్యుద్దీపములు చేయు గొప్ప సంస్థలు కూడి యొక కూటమిగ నేర్పడినవి. జర్మనీకి చెందిన ఆస్రాము, హాలండునకు చెందిన ఫిలిప్సు, హంగరీకి చెందిన టంగ్‌స్రాము, ఫ్రాన్సు దీపముల కంపెనీ, అమెరికా జనరల్ ఎలెక్ట్రిక్కుతో సంబంధముగల విదేశసంస్థలు మొదలగునవి అందు చేరినవి. ఆ కూటమికి ఫీబస్ అని పేరు. అది గ్రీకుల వెలుగుదేవుడగు అపొల్లోకు మారుపేరు. వెలుగును కత్తిరించుటకు వెలుగుదేవుని పేరే దొరికినది! ఎవరెవ రెచ్చట నెన్ని దీపము లమ్మవలయునో పంచుకొనుటతో వీరు తృప్తిపడలేదు. అంతకు పూర్వము పదునైదు వందల గంటలు, రెండువేల గంటలు వెలుగు దీపములు బజారులో నుండగా, ఇకమీద దీపముయొక్క ప్రమాణాయుర్దాయము వేయిగంటలే యని నిర్ణయించిరి.

ఆ నిర్ణయము నమలుపఱచిన తీరు వినదగినది. ప్రతి కర్మాగారమును తన దీపములను మచ్చునకు స్విట్జర్లాండులోని పరిశోధనశాలకు పంపవలెను. అచ్చట వానిని వెలిగించి గంటలు లెక్కింతురు. వేయిగంటలకు మిక్కిలి తక్కువగ వెలిగినచో జరిమానా. మిక్కిలి యెక్కువగ వెలిగినను జరిమానాయే! మంచి దీపము చేసినందుకు శిక్షవేసిన న్యాయస్థానము లోకములో మఱియొకటి కలదో లేదో నేనెఱుగను. వారి కృషి ఫలించినది. కూటమిలోని దీపముల సగటు ఆయుర్దాయము 1926లో 1,800 గంటలుండగా 1933-34 నాటికి 1,205 గంటలకు దిగివచ్చినది. ఆయువును పెంచుటకు శాస్త్రజ్ఞు లెంత శ్రమపడుదురో, తగ్గించుటకును అంత శ్రమపడిరి. 1939లో వచ్చిన ప్రపంచయుద్ధము మిత్రులను శత్రువులుగ జేసి యా కూటమిని విచ్ఛిన్నము చేసెను.

వారి పక్షమునను చెప్పదగిన దొకటి గలదు. దానిని దాచినచో నేను వారికంటె మంచివాడను గాను. దీపములోని తీగను తక్కువ వేడిమితో మండించిన అది చిరకాలము బ్రతుకును. కాని వెలుతురు మందగించును, అదే వెలుతురునకు విద్యుత్తు అధికముగ వ్యయమగును. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రమందలి లివర్‌మోరు అగ్నిమాపకశాలలో 1901లో వెలిగించిన దీపమొకటి నూఱేండ్లు దాటినను వెలుగుచునే యున్నదని పలువురు కొనియాడుదురు. నిజమే. కాని దాని వెలుగు నేడు నాలుగు వాట్ల దీపమునకు మించదు. దానిక్రింద నెవడును పుస్తకము చదువజాలడు. 1951లో బ్రిటను దేశపు గుత్తవ్యాపార విచారణసంఘముకూడ, వేయిగంటల ప్రమాణము సామాన్యోపయోగమునకు తగిన మధ్యమార్గమే యని యభిప్రాయపడినది.

అట్లయిన దోషమెక్కడ? వేయిగంటలలో లేదు. వేయిగంటలు మేలైనచో ఆ మాట దీపపు పెట్టెమీద నచ్చువేసి, ప్రక్కన రెండువేల గంటల మసకదీపమును పెట్టి, "వెలుతురు కావలెనా, ఆయువు కావలెనా, మీ యిష్టము" అని యేల యడుగరాదు? రాత్రి దొడ్డివాకిట వెలుగు దీపమునకు ఆయువే ముఖ్యము. పిల్లవాడు చదువుకొను బల్లమీది దీపమునకు వెలుతురే ముఖ్యము. ఆ తారతమ్యము ఇల్లాలికి తెలియును. ఆమె చేయవలసిన నిర్ణయమును ఆమె కెఱుకలేకుండ జినీవాలో చేసిరి. ఎక్కువకాలము వెలిగినదానికి జరిమానా వేసి, ఆమెకు వేఱు దారి లేకుండ మూసిరి. దోషమదియే.

సంతలో కుండ కొనునపుడు మన యవ్వలు వ్రేలితో తట్టి చూచెడివారు. ఖంగున మ్రోగినచో కొనెడివారు. బొద్దుగ పలికినచో విడిచెడివారు. బియ్యమును కొరికి చూతురు. వంకాయను త్రిప్పి పుచ్చు చూతురు. నేతిని అరచేత రాచి వాసన చూతురు. బేరమనగా ధర తగ్గించుట మాత్రమే కాదు, అది పరీక్ష. కాని ఆయుర్దాయము తట్టిన మ్రోగునది కాదు. పదేండ్ల యంత్రమును ఐదేండ్ల యంత్రమును అంగడిలో ప్రక్కప్రక్కన నిలిపిన, రెండును తెల్లగనే మెఱయును, రెండును మెత్తగనే తిరుగును. తేడా తెలియుటకు ఐదేండ్లు కావలెను. అప్పటికి బేరము ముగిసి చాలకాలమైనది.

కొనువానికి తెలియదు. చేసినవానికో, తెలియును. తలుపును యంత్రముచేత వేలమారులు తెఱచి మూసి, డ్రమ్మును రాత్రింబవళ్లు త్రిప్పి, ఏ ముక్క యెప్పుడలయునో పరీక్షించి వ్రాసికొనిన పుస్తకము వానివద్ద గలదు. అట్టి పరీక్ష చేయక నేడెవడును గృహయంత్రమును విడుదల చేయడు. ఎఱిగినవాడు ఎఱుగనివానికి, అడిగినను చెప్పక, అమ్మినపుడు దానిని వట్టి వ్యాపార మనవచ్చునా? మా యంత్రముతో నిచ్చిన పూచీకాగితమును వెదకి తీసి చదివితిని. మోటారునకు పదేండ్ల పూచీ యని పెద్ద యక్షరములతో నున్నది. మోటారు నేటికిని చెక్కుచెదరలేదు. చెడినది బేరింగు, దాని ప్రస్తావన యా కాగితములో లేదు. చావని యవయవమునకు పూచీ యిచ్చి, చచ్చు నవయవమునుగూర్చి మౌనము వహించుట అసత్యము కాదు. సత్యమనుటకు మాత్రము నాకు నోరాడుట లేదు.

ఈ సందర్భమున బెర్నార్డు లండను అను నతడు జ్ఞప్తికి వచ్చుచున్నాడు. అతడు 1932లో, అమెరికాలో కోట్లకొలది జనులు పనిలేక పస్తులుండు దినములలో, ఒక చిన్న పుస్తకము ప్రకటించెను. వస్తువులకు ప్రభుత్వమే ఆయుర్దాయమును నిర్ణయింపవలెననియు, గడువు తీరిన వస్తువులను తెచ్చి యప్పగించి జనులు క్రొత్తవి కొనవలెననియు, గడువు దాటినను వాడుకొనువారు పన్ను చెల్లింపవలెననియు అతని సూచన. అట్లయిన కర్మాగారములు తిరుగును, కూలివానికి కూడు దొరకునని యతని తలంపు. వినుటకు విడ్డూరముగ నుండును. బాగున్న కుర్చీని చంపి వడ్రంగిని బ్రతికించు వైద్యము నాకు రుచింపదు. అయినను ఫీబసు కూటమికంటె ఈతడు నాకు నీతిమంతుడుగనే కనబడుచున్నాడు. చావుతేదీని అందఱకు వినబడునట్లు చాటుమని యతడనెను. వారు దానిని చెవిలోనైన చెప్పలేదు.

వర్తకుని నింతసేపు బోనులో నిలిపితిమి. గృహస్థును కూడ పిలువవలసి యున్నది. నేను పైన పేర్కొన్న జర్మను పరిశోధనలోనే మఱియొక సంగతి గలదు. మార్పబడిన పెద్ద యంత్రములలో ఇంచుమించు మూడవవంతు, మార్చునాటికి చక్కగ పనిచేయుచుండినవే! క్రొత్తది కావలెనను కోరికయే వానిని వీధిపాలు చేసినది. అమెరికాలో బ్రూక్సు స్టీవెన్సు అను శిల్పకారుడు, అవసరమునకు కొంచెము ముందే క్రొత్తదానిని పొందవలెనను కోరికను కొనువానిలో నాటుటయే తన పని యని 1954 ప్రాంతమున బాహాటముగ చెప్పెడివాడు. వాన్సు ప్యాకర్డు 1960లో వ్రాసిన తన గ్రంథమున దీనిని తీవ్రముగ ఖండించుచు, వస్తువు విఱిగి పోవుట వేఱు, మనస్సులో పాతబడిపోవుట వేఱు అని విడదీసి చూపెను. ఈ రెండవ చావునకు తయారుచేయువాడొక్కడే బాధ్యుడు కాడు. కోడలి పుట్టింటివారు రెండు తలుపుల ఫ్రిజ్జు పెట్టిరని విని, మన యొంటితలుపు ఫ్రిజ్జు ఆ రాత్రికి రాత్రి మన కన్నులకు ముసలిదగుచున్నది. దానిలోని మంచు మాత్రము యథాప్రకారము గట్టిపడుచునే యుండును.

అయినను రెండు దోషములను సమముగ తూచుట న్యాయము కాదు. కోరికచేత మార్చువాడు కలిగినవాడు. పాత యంత్రమును పనిమనిషి కిచ్చి పుణ్యము కట్టుకొన్నట్లు సంతోషించును. చెడుటచేత మార్చవలసినది ఆ పనిమనిషియే. నాలుగిండ్లలో అంట్లు తోమి, వాయిదాలమీద మిక్సీ కొన్నది చవుక మిక్సీయే కొనును, వేఱేమి కొనగలదు? అది రెండేండ్లకు కాలిపోయిన మరల చవుకదే కొనును. పదేండ్లలో ఆమె నాలుగైదు మిక్సీల వెల యిచ్చి, మంచి మిక్సీని ఎన్నడును కన్నులజూడక పోవును. దారిద్ర్యము ఖరీదైన వ్యసనమని తెలియుటకు అర్థశాస్త్రము చదువనక్కఱలేదు. ఆమె వంటింటి యటక చూచిన చాలును. ఆయుర్దాయము పెట్టెమీద నచ్చువేసి యున్నచో, ఇంకొక మూడు నెలలు ఆగి మంచిదానిని కొనుట మేలని ఆమెయే లెక్కవేసికొనెడిది. లెక్కలలో ఆమె మనకు తీసిపోదు.

బాగుచేయువాని మాట కూడ చెప్పవలెను. మిక్సీ కప్లరు, కార్బను బ్రష్షులు, ఫ్యాను తీగచుట్టు, గ్రైండరు బెల్టు - వీనిమీద బ్రతుకు కుటుంబములు మన ప్రతి యూరను గలవు. వారిలో పెక్కండ్రు పాఠశాలలో నేర్చినది స్వల్పము. వ్రేళ్లతో నేర్చినది శాస్త్రము. మూత అతికింపబడిన ప్రతి వస్తువును వారి చేతినుండి యొక ముద్దను తీసివేయుచున్నది. తెఱచి చూడరాని వస్తువునుండి పిల్లవాడును ఏమియు నేర్వజాలడు. నా చిన్ననాట గడియారమును విప్పి మరల కూర్చలేక దెబ్బలు తింటిని. ఆ దెబ్బలవలన కలిగిన జ్ఞానము నేటి పిల్లలకు లేదు.

ఇతరదేశములు దీనికేదో చికిత్స నారంభించినవి. ఫ్రాన్సువారు 2015లో, బుద్ధిపూర్వకముగా వస్తువుయొక్క ఆయువును తగ్గించుట నేరమని శాసించి, రెండేండ్ల చెఱయు మూడులక్షల యూరోల జరిమానాయు విధించిరి. కాని బుద్ధిని బోనులో నిలుపుట కష్టము. అతికినది చవుకకొఱకా, చంపుటకొఱకా యని న్యాయాధిపతి యెట్లు తేల్చును? అందుచే నాకు వారి రెండవ చట్టమే యెక్కువ నచ్చినది. 2021 జనవరినుండి బట్టలుతుకు యంత్రములు, టెలివిజనులు, చేతిఫోనులు మొదలగు కొన్నింటిమీద, ఎంత సుళువుగ బాగుచేయవచ్చునో పదింటికి మార్కులు వేసి చూపవలెనని నియమించిరి. 2025లో టెలివిజనులకును బట్టలుతుకు యంత్రములకును మన్నికను సూచించు మార్కులు కూడ వచ్చినవి. యూరపు కూటమి దేశములలో 2021 మార్చినుండి, బట్టలుతుకు యంత్రముల విడిభాగములను, ఆ నమూనా అమ్మకము నిలిచిన పిమ్మట పదేండ్లవఱకు దొరకునట్లు చేయవలెనను నిబంధన గలదు. 2020లో ఫ్రాన్సువారు ఆపిలు సంస్థకు రెండుకోట్ల యేబదిలక్షల యూరోల జరిమానా వేసినదికూడ, ఫోనులు మందగించినవని కాదు. క్రొత్త ప్రోగ్రాము వేసికొన్న పాతఫోను మందగింపవచ్చునని కొనినవారికి చెప్పనందుకు. అక్కడి యధికారులు పట్టుకొన్నది మౌనమును.

మన దేశమున వినియోగదారుల వ్యవహారశాఖవారు 2022లో, బాగుచేయించుకొను హక్కునుగూర్చి యొక సంఘమును నియమించిరి. సంతోషమే. అంతకంటె దగ్గఱగ, మన కన్నులయెదుటనే యొక మార్గము గలదు. ఫ్రిజ్జుమీద నక్షత్రముల చీటి యుండునుగదా! 2006లో ప్రారంభమైన యా పద్ధతివలన, సంవత్సరమునకెన్ని యూనిట్లు వ్యయమగునో చదువుకొని, ఇంగ్లీషు రాని యిల్లాలుకూడ నక్షత్రములు లెక్కపెట్టి బేరమాడుచున్నది. నక్షత్రముల కొఱకు వర్తకులు పోటీపడి యంత్రములను మెఱుగుపఱచిరి. విద్యుత్తు నెంత త్రాగునో చెప్పింపగలిగినవారము, ఎన్నేండ్లు బ్రతుకునో, విప్పుటకు వీలగునో లేదో చెప్పింపలేమా? ఆ చీటి ప్రక్కన నింకొక చీటికి చోటున్నది. చవుకవస్తువును నిషేధింపుమని నేననుట లేదు. మూడేండ్ల యంత్రమును మూడేండ్ల యంత్రమని చెప్పి యమ్మినచో, కొనువాడు కొనును, లేనివాడు మానును.

మా యంత్రము సంగతి మిగిలియున్నది. క్రొత్తది కొందమని నేను సిద్ధపడితిని. మా యింటావిడ మాత్రము బాగుచేయువానిని మరల పిలిపించి, "అతికినదాన్ని కోయడానికి వీల్లేదా బాబూ?" అని యడిగినది. అతడు కొంతసేపు తల గోకికొని, "కోయొచ్చమ్మా. కానీ కంపెనీవాళ్లు మళ్లీ ముట్టుకోరు" అనెను. "వాళ్లిప్పుడు మాత్రం ముట్టుకున్నారా?" అని యామె. పెరటిలో గోనెపట్టా పఱచి, సన్నని ఱంపముతో ఆ తొట్టిని నడిమికి రెండుగ కోసి, బేరింగులు మార్చి, అంచుల వెంబడి రంధ్రములు తొలిచి, సిలికాను పూసి, ఇరువదినాలుగు మరలతో బిగించుటకు అతనికి ఒక దినము పట్టినది. అడిగినదానికంటె రెండువందలు ఎక్కువ యిచ్చితిమి. అది యిప్పుడు పదునాలుగు నెలలుగా తిరుగుచున్నది. ఒక మూలనుండి చుక్కచుక్కగ నీరు కారును. క్రింద నొక పాత సత్తుగిన్నె పెట్టితిమి.